బూడిద కొండకు రెండు ప్రయాణాలు

తిరుపతిలో ఇల్లున్నవాడికి సొంత చెప్పులంటూ ఉండవు. బయటి ఊళ్ళవాళ్ళకు ఈ మాట చెబితే నవ్వుతారు. మా ఇల్లు తిరుచానూరు పోయే దారిలో ఉండేది. దర్శనానికి వచ్చే బంధువులకు అది చాలా అనుకూలమైన చోటని మాకంటే ముందు వాళ్ళే కనిపెట్టారు. ఏ రోజు చూసినా గుమ్మం ముందు పది పన్నెండు జతలు పడి ఉండేవి. తెల్లవారుజామున ముందుగా లేచినవాళ్ళకు మంచి జత దక్కేది. కాలికి తగిలింది తొడుక్కుని బస్సెక్కేసేవాళ్ళు. ఆరో తరగతిలో కొన్ని నెలలపాటు నేను కుడికాలికి పలమనేరు వాళ్ళ చెప్పు, ఎడమకాలికి పుత్తూరు వాళ్ళ చెప్పు వేసుకుని బడికి పోయాను. ఇదేమిటని అడిగితే అమ్మ, "కొండకు పోయే కాళ్ళే గదా, పోనీలేరా" అనేది. నావి బడికి పోయే కాళ్ళు కాబట్టి వాటి తరఫున మాట్లాడేవాళ్ళు లేరు.

ఈ దోపిడీలో నాకు ఒకే ఒక్కసారి నష్టపరిహారం దొరికింది. మద్రాసులో ఉండే దూరపు మామ ఒకాయన నా కొత్త చెప్పులు వేసుకుని వెళ్ళిపోయాడు. ఆయన పాదం నా పాదం కంటే నాలుగు వేళ్ళు పెద్దది. ఎలా పట్టించాడో ఇప్పటికీ తెలియదు. మరుసటి ఏడు మళ్ళీ వచ్చినప్పుడు చెప్పులు తేలేదు గానీ, బర్మా బజారులో కొన్నానని ఒక వీడియో గేమ్ క్యాసెట్టు తెచ్చి చేతిలో పెట్టాడు.

"మీ ఇంట్లో మిషను ఉండాది గదా అల్లుడా, దాంట్లో పెట్టి ఆడుకో" అన్నాడు.

మిషను ఉంది. తొంభైల మధ్యలో టీవీకి తగిలించుకునే అలాంటి తెల్ల పెట్టె మా వీధిలో మూడిళ్ళలో ఉండేది. దాంట్లో అప్పటిదాకా మాకు తెలిసిన ఆటలు రెండే రకాలు: ఎగిరేవాటిని కాల్చడం, గుంతల మీదుగా దూకడం. కొత్త క్యాసెట్టు పెడితే కాల్చేదీ లేదు, దూకేదీ లేదు. తెర నిండా అక్షరాలు వచ్చాయి. అవి తెలుగు కాదు, ఇంగ్లీషు కాదు, మద్రాసు నుంచి వచ్చింది కదా అని చూస్తే అరవం కూడా కాదు. హైస్కూల్లో లెక్కలు చెప్పే మా నాయన కళ్ళద్దాలు పెట్టుకుని కాసేపు పరిశీలించి, "జపానోళ్ళది" అని తేల్చి, తన బాధ్యత అయిపోయినట్టు పేపరు చదువుకోవడానికి వెళ్ళిపోయాడు.

అది ఎలాంటి ఆటంటే, ముగ్గురు మనుషులు ఊరూరా తిరుగుతారు. ఎదురైనవాళ్ళందరితో మాట్లాడతారు. కత్తులు, డాళ్ళు, బూట్లు సంపాదించుకుంటారు. దారిలో జంతువులు అడ్డం వస్తే కొట్టి, కొట్టినకొద్దీ బలపడతారు. కథ నడిచేదంతా మాటల మీదే. మాకు అర్థం కానిది ఆ మాటలొక్కటే.

మాకు అంటే నాకు, మా చెల్లెలికి, మా అవ్వకు. నాకు పన్నెండేళ్ళు, చెల్లెలికి తొమ్మిది. అవ్వకు తన వయసు తనకే తెలియదు. ఆడే పీట నాది. చెల్లెలు పక్కన నోటు పుస్తకంతో కూర్చునేది. అవ్వ గోడకు ఆనుకుని చేటలో చెనిక్కాయలు ఒలుచుకుంటూ చూసేది. ఆ ముగ్గురిలో కత్తి పట్టినవాడు నావాడు. లావుపాటాయన పూజారి అని అవ్వ నిర్ణయించింది. తెల్లబట్టల అమ్మాయి చెల్లెలిది. తెర మీద ఆ అమ్మాయి బియ్యపు గింజంత ఉండేది: ఒక తెల్ల త్రికోణం, దాని మీద నల్లటి చుక్క. ఆ చుక్క జుట్టని చెల్లెలు చెప్పింది. దెబ్బలు తగిలినవాళ్ళకు మందు వేయడం ఆ అమ్మాయి పని.

మిషను ఆపేస్తే ఆట అన్నీ మరిచిపోయేది. అందుకని ప్రతి ఊళ్ళోనూ గడ్డమున్న పెద్దాయన ఒకాయన ఇరవై అక్షరాల గుర్తుమాట ఒకటి ఇచ్చేవాడు. మరునాడు ఆ ఇరవై అక్షరాలూ ఉన్నవి ఉన్నట్టు కొడితే, ముగ్గురూ వాళ్ళ బలంతో, వాళ్ళ సామానుతో, ఆగినచోటే నిలబడి ఉండేవాళ్ళు. ఒక్క గీత తేడా వస్తే మిషను గొంతు సవరించుకున్నట్టు ఒక శబ్దం చేసి కాదనేది. ఆ రాత పని చెల్లెలిది. పుస్తకంలో ఎప్పుడూ ఆఖరిది ఒక్కటే ఉంచేది. మాకు రాని లిపిని అది పెన్సిలుతో బొమ్మలు గీసినట్టు గీసేది. ఒక్కో దానికి ఒక్కో పేరు పెట్టింది. ఒకటి జిలేబి, ఒకటి గాలం, ఒకటి విరిగిన గొడుగు, ఒకటి కాలు మీద కాలేసుకున్న ముసలాయన. అది చదివి చెబుతుంటే నేను కొట్టేవాణ్ణి. "జిలేబి, జిలేబి, గొడుగు, ముసలాయన..." బయటినుంచి విన్నవాళ్ళు ఏమనుకున్నారో అడగలేదు.

చెప్పుల సంగతి రెండో వారంలో మొదలైంది. మా ముగ్గురూ ఒక ఇంట్లోకి అడుగుపెట్టారు. లోపల మంట మండుతోంది. దాని ముందు ఒకాయన నిలబడి ఉన్నాడు.

"అదేమిరా, గుడా?" అంది అవ్వ.

"గుడే అవ్వా."

"మరి సెప్పులేసుకోని పోతా ఉండారే ముగ్గురూ!"

"అది ఆట అవ్వా."

"ఆటయితే? ఆడ దేవుడికి కండ్లు లేవా?"

నేను నవ్వాను. చెల్లెలు నవ్వలేదు. సామాను జాబితాలో ప్రతిదాని పక్కనా చిన్న బొమ్మ ఉండేది: కత్తికి కత్తి, డాలుకు డాలు, బూటుకు బూటు. బూటు బొమ్మ మీదికి పోయి రెండు మీటలు నొక్కితే అది మనిషిని వదిలి సంచిలోకి పోతుందని చెల్లెలే కనిపెట్టింది. తీసినప్పుడు పక్కనున్న అంకె ఒకటి తగ్గేది. ఆ అంకె ఏమిటో మాకు తెలియదు. దేవుడి ముందు తగ్గడం మంచిదే కదా అనుకున్నాం.

అప్పట్నించి అదే పద్ధతి. మంటో, గంటో, మెట్లో కనిపిస్తే గుడి. గుడి అయితే ముగ్గురూ బూట్లు విప్పాలి, బయటికి రాగానే తొడుక్కోవాలి. తొడుక్కోకుండా నడిస్తే కొన్ని చోట్ల అడుగు అడుగుకూ తెర అదిరేది. కాళ్ళకు ఏదో గుచ్చుకుంటోందని అవ్వ చెప్పింది. చెల్లెలు చెప్పుల స్టాండు తెరిచింది. కాగితం ముక్కల మీద ఒకటి, రెండు, మూడు అని రాసి టోకెన్లు చేసింది. లోపలికి పోయేటప్పుడు నా చేతికిచ్చేది. బయటికి వచ్చాక ఒక్కో టోకెనూ తిరిగి తీసుకుని, "పూజారి వేసుకున్నాడు, నీవాడు వేసుకున్నాడు, నా అమ్మి వేసుకుంది" అని చూసుకున్నాకే నన్ను కదలనిచ్చేది. ఒక్కో గుడికి పన్నెండు నొక్కుళ్ళు. జపానులో ఆ ఆట తయారుచేసినవాళ్ళు ఇంత భక్తిని ఊహించి ఉండరు.

కథ చివరికొచ్చేసరికి ఒక నల్లకొండ వచ్చింది. కొండ అడుగున ఒక ముసలాయన నిలబడి ఉండేవాడు. ఎన్నిసార్లు పలకరించినా అవే నాలుగు వరుసలు చెప్పేవాడు. చేతులు చాచి ఉన్నాడు కాబట్టి బిచ్చగాడని అవ్వ తీర్మానించింది. బిచ్చం వేయడానికి ఆటలో వీలు లేకపోయింది. "తిరిగొచ్చేటప్పుడు సూస్తాం లేప్పా" అని అవ్వ అతనికి చెప్పేది. కొండ మీద గుడి, గుడిలో ఎనిమిది చేతుల రాక్షసుడు ఉంటాడని వీధి చివరి ఇంటి పిల్లవాడొకడు ఎక్కడో విని చెప్పాడు. ఆ వారమే అమ్మ, అవ్వ, చెల్లెలు మా చిన్నమ్మ కూతురికి చెవులు కుట్టిస్తుంటే చిత్తూరు వెళ్ళారు.

వెళ్ళేముందు చెల్లెలు ఒట్టు వేయించుకుంది. "నేను లేకుండా కొండెక్కకూడదు."

"ఎక్కను."

ఎక్కాను. రాక్షసుణ్ణి కొట్టడానికి నాకు ఆదివారం పొద్దుటి నుంచి సాయంత్రం దాకా పట్టింది. ఆరేడుసార్లు ఓడిపోయాను. ప్రతిసారీ చెల్లెలి రాతలోంచి ఇరవై అక్షరాలు కొట్టడం, కొండెక్కడం, గుడి ముందు అలవాటుగా బూట్లు విప్పడం. చివరికి వాడు పడ్డాడు. తెర మెరిసింది, బాజా మోగింది. నేను లేచి గెంతాను. ఆ ఊపులో బయటికొచ్చి దిగడం మొదలుపెట్టాను. తెర అదురుతోంది. విజయానికి అదురుతోందనుకున్నాను. టోకెన్లు అడిగేవాళ్ళు లేరు. సగం దిగాక తెల్లబట్టల అమ్మాయి పడిపోయింది. అప్పుడు చూశాను, ముగ్గురూ వట్టి కాళ్ళతో ఉన్నారు.

పడిపోవడం కొత్త కాదు. ఊళ్ళోకి తీసుకెళ్తే గడ్డమాయన లేపేవాడు. ఈసారి లేపలేదు. మిగిలిన ఇద్దరూ తలలు వంచారు. నెమ్మదైన పాట ఒకటి వచ్చింది. పాట అయిపోయాక జాబితాలో మూడో వరుస ఖాళీగా ఉంది. గడ్డమాయన ఏమీ జరగనట్టు కొత్త ఇరవై అక్షరాలు ఇచ్చాడు.

ఇక్కడ నేను చేసిన పని రాయడానికి ఒక వాక్యం చాలు, చేయడానికి కూడా పెద్దగా సమయం పట్టలేదు. చెల్లెలు రాసిన పాత ఇరవై అక్షరాలు పుస్తకంలో ఉన్నాయి. అవి కొడితే అమ్మాయి బతికే ఉంటుంది, కానీ రాక్షసుడూ బతికే ఉంటాడు. ఒక ఆదివారమంతా పోతుంది. పైగా ఇంకోసారి గెలుస్తానన్న నమ్మకం నాకు లేదు. రబ్బరు తీసుకుని పాతవి చెరిపేసి, అదే గీతల మీద కొత్తవి రాసేశాను.

చెల్లెలు చిత్తూరు నుంచి రాగానే కాళ్ళు కూడా కడుక్కోకుండా పుస్తకం తెరిచింది.

"ఇది నా రాత కాదే."

"కొండెక్కినాము."

"ఒట్టేసినావు గదా!"

"రాక్షసుణ్ణి కొట్టేసినా మే. ఎనిమిది చేతులు! కానీ ఆ అమ్మి చచ్చిపోయింది. కథే అంత."

"సెప్పులు తొడిగినావా?"

"తొడిగినా."

"మూడు జతలూ?"

"మూడూ."

చెల్లెలు రెండు రోజులు అన్నం సరిగా తినలేదు. టీవీలో బియ్యపు గింజంత బొమ్మ కోసం ఏడుపేమిటని నాయన కసిరాడు. అవ్వ మాత్రం కసరలేదు. కొండకు పోయి మూడు కత్తెర్లు ఇచ్చొద్దాం పాపా అంది. మా వైపు ఆడవాళ్ళు గుండు మొక్కుకోలేనప్పుడు మూడు చోట్ల జుట్టు కత్తిరించి ఇస్తారు. ఆ శనివారమే మెట్లెక్కి పోయాం, నేనూ పోయాను. క్షురకుడు, "ఎందుకమ్మా మొక్కు, ఒంట్లో బాగలేకుండెనా?" అని చెల్లెల్ని అడిగాడు. "నాక్కాదు" అంది అది. కత్తెర మూడుసార్లు కచకచమంది. నేను పక్కనున్న గుండ్లను లెక్కపెడుతూ నిలబడ్డాను.

ఇంటికొచ్చి మిషను పెట్టి చూసింది. మూడో వరుస ఖాళీగానే ఉంది.

"ఆ దేవుడికీ ఈ దేవుడికీ ఎరుకుండాదో లేదో" అంది అవ్వ. అంతకంటే మంచి వివరణ మా ఇంట్లో ఎవరికీ తట్టలేదు.

చెల్లెలు ఆ తర్వాత ఆట జోలికి రాలేదు. మిగిలిన ఇద్దరితో నేనే ముగించాను. ఆఖరి దృశ్యంలో ఒక మిట్ట మీద సూర్యోదయం చూస్తూ నిలబడతారు. కత్తివాడు ఈ చివర, లావుపాటాయన ఆ చివర. మధ్యలో ఒక మనిషి పట్టేంత ఖాళీ. ఎవరో ఉండవలసిన చోటులా ఉందని నాకు అప్పుడే అనిపించింది. అనిపించినదాన్ని పక్కన పెట్టడం అప్పటికే వచ్చు.

డిగ్రీకి వచ్చేసరికి ఆ ఖాళీకి నేను కళ అని పేరు పెట్టాను. కాలేజీ ఎదుట టీ అంగడిలో నాకు ఆటల మీద మంచి పేరుండేది. కొత్త ఆటలు ఆడేవాళ్ళను కూర్చోబెట్టి, పాతవాటిలో ఉన్న ధైర్యం వీటిలో లేదని చెప్పేవాణ్ణి. "కథ మూడొంతులు అయినాక నాయికను చంపేసినారప్పా. ఏ హెచ్చరికా లేదు. ఒక చిన్న పాట, ఒక ఖాళీ వరుస, అంతే. ఇప్పుడు ఎవుడన్నా చేస్తాడా ఆ పని?" అనేవాణ్ణి. వినేవాళ్ళు తలలూపేవాళ్ళు. వాళ్ళలో ఎవరూ ఆ ఆట ఆడినవాళ్ళు కాకపోవడం నాకు కలిసొచ్చింది. ఊళ్ళో నెట్ సెంటర్లు వచ్చాయి. అన్ని ఆటల గురించీ వెతికి చదివాను. ఆ ఒక్కదాని గురించి వెతకడానికి మాత్రం తీరిక దొరకలేదు. అబద్ధమని తెలిసి చెప్పేవాణ్ణా అంటే, ఏమో, పదేళ్ళు చెప్పిన మాట వెనక ఏముందో నేనూ మళ్ళీ తెరిచి చూడలేదు.

రెండు వేల సంవత్సరం దాటాక ఇంట్లోకి కంప్యూటరు వచ్చింది. చెల్లెలు యూనివర్సిటీలో చేరింది. ఒక శనివారం మధ్యాహ్నం సీడీ ఒకటి చేత్తో ఊపుతూ వచ్చింది.

"ఏందో సెప్పుకో."

చెప్పలేకపోయాను.

"మన ఆట. కొత్తగా చేసినారంట. ఇంగ్లీషులో! మా క్లాసు పిల్ల దగ్గర దొరికింది. ఈసారి నేను ఆడతా, నువ్వు పక్కన కూర్చో."

నాకు ఒంట్లో అంత బాగోలేదని చెప్పాను. అది కుర్చీ లాగి కూర్చోబెట్టింది.

కొత్త ఆట అందంగా ఉంది. ఆ మాట నిజాయితీగా చెప్పాలి. పాతదాంట్లో అడవి అంటే ఆకుపచ్చ గడుల వరుస. మా టీవీకి పచ్చ ఎక్కువ కాబట్టి ఎడారి కూడా అడవే. కొత్తదాంట్లో ఒక్కో ఆకు విడిగా ఊగుతుంది. పాతదాంట్లో ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి నడిచేసరికి అవ్వ అరచేట చెనిక్కాయలు ఒలిచేది. కొత్తదాంట్లో బండి ఉంది, ఎక్కితే దిగడమే. పాత పాటలో మూడు నాలుగు కీచు శబ్దాలే ఉండేవి, అవి ఇప్పటికీ నాకు స్నానాల గదిలో వస్తుంటాయి. కొత్తదానికి వాయిద్యాల గుంపు వాయించింది. గొప్పగా ఉంది. ఒక్క ముక్క గుర్తులేదు. తెల్లబట్టల అమ్మాయికి కనురెప్పలు వచ్చాయి, గొంతు వచ్చింది, గాలికి కదిలే జుట్టు వచ్చింది. చెల్లెలు తెరకు దగ్గరగా జరిగి చూసి, "ముక్కు కొంచెం పెద్దదిగా పెట్టినారు" అంది. దాని లెక్కలో పాత త్రికోణానికి ముక్కు సరిగ్గా ఉండేదన్నమాట.

అసలు కథ ఏమిటో పదేళ్ళ తర్వాత తెలిసింది. లావుపాటాయన పూజారి కాదు, వంటవాడు. అందుకే యుద్ధంలో గరిటె తిప్పేవాడట. మేము దాన్ని హారతి గంట అనుకున్నాం. మొదటిసారి బూట్లు విప్పించిన గుడి కమ్మరి కొలిమి. చెల్లెలు నవ్వలేక పొట్ట పట్టుకుని, మంచం మీదున్న అవ్వకు చెప్పింది. అవ్వకు అప్పటికి చూపు బాగా తగ్గింది, తెర మీద వెలుగు తప్ప ఏమీ కనిపించదు, కానీ ఆట ఉందంటే మంచం ఈ గదిలోకే వేయించుకునేది.

"నిప్పుండె గదా ఆడ?" అంది అవ్వ.

"ఉండె."

"నిప్పుంటే యాడైనా సెప్పులు తీయాల్సిందే. కమ్మరాయన మాత్రం ఏమనుకుంటాడు, మర్యాద తెలిసినోళ్ళు అనుకుంటాడు."

అలా నవ్వుకుంటూ మూడు వారాలు నడిచింది. నేను నవ్వుతూనే లోపల దూరం కొలుచుకుంటున్నాను. ఇంకో రెండు ఊళ్ళు, ఇంకో ఊరు. చివరికి ఒక ఆదివారం కొండ వచ్చింది. దాని పేరు నల్లకొండ కాదు, బూడిద కొండ. అడుగున ముసలాయన నిలబడి ఉన్నాడు.

"బిచ్చగాడొచ్చినాడవ్వా!" అని అరిచింది చెల్లెలు.

"ఉండాడా ఇంకా? పాపం" అంది అవ్వ.

"మీట నొక్కేసెయ్ మే" అన్నాను. "వాడిదంతా సోది. ముందుకు పో."

"ఉండన్నా, ఈసారన్నా ఏం సెప్తాడో విందాం."

ముసలాయన గొంతు సవరించుకుని, చేతులు చాచి, స్పష్టమైన ఇంగ్లీషులో చెప్పాడు. అవే నాలుగు వరుసలు. చెల్లెలు అవ్వ కోసం తెలుగులో చెప్పుకుంటూ పోయింది. "ఈ కొండ మీద బూడిద మామూలు బూడిద కాదంట. దీని మీద పడిపోయినోళ్ళను ఎవురూ తిరిగి లేపలేరంట. దిగేదాకా కాళ్ళకుండేవి విప్పొద్దని..." అక్కడ ఆగింది.

"విప్పొద్దనా?" అంది అవ్వ.

"ఆ."

చెల్లెలు ముగ్గుర్నీ కొండెక్కించింది. గుడి ముందు దాని చేయి ఒక్క క్షణం ఆగింది, విప్పలేదు. రాక్షసుణ్ణి రెండోసారికే కొట్టేసింది. నాకు ఒక రోజంతా పట్టిన పని. బూడిద మీదుగా దిగారు. తెర అదరలేదు. ముగ్గురూ ఊరు చేరారు. అమ్మాయి జుట్టు సర్దుకుని, ఆకలేస్తోందని ఏదో అంది.

నేను ఏదో ఒకటి అనాలి. అన్నాను.

"సూసినావా, మార్చేసినారు. పాతదాంట్లో చచ్చిపోతుంది గదా. ఈ కాలమోళ్ళు బాధ ఓర్చుకోలేరని ఇట్ల నీళ్ళు కలిపేసినారు. అందుకే నేను ఎప్పుడూ చెప్పేది, పాతదే..."

"ఊ" అంది.

అంతటితో అయిపోయిందనుకున్నాను. టీ అంగడికి పోయి, కొత్త ఆట నాయికను బతికించి కథను పాడుచేసిందని కూడా చెప్పాను. చాలా బాగా చెప్పాను, ఒకడు ఇంకో టీ ఇప్పించాడు.

నాకు తెలియని విషయం ఏమిటంటే, ఆ సీడీలో ఒక మూల పాత ఆటను కూడా ఉన్నది ఉన్నట్టు పెట్టారు. మాటలు ఇంగ్లీషు చేశారు, తక్కినవేవీ ముట్టుకోలేదు. అవే గడులు, అవే కీచు శబ్దాలు, అదే తెల్ల త్రికోణం. ముగించినవాళ్ళకు మాత్రమే అది తెరుచుకుంటుంది. చెల్లెలు ముగించింది. తర్వాత ఒక వారం పాటు క్లాసు నుంచి వచ్చి, నేను ఇంట్లో లేని వేళల్లో దాన్ని ఆడింది. పక్కన పుస్తకం పెట్టుకోలేదు, ఆ అవసరం ఇప్పుడు లేదు.

శుక్రవారం సాయంత్రం నేను ఇంటికి వచ్చేసరికి గదిలో ఆ పాత కీచు పాట వినిపిస్తోంది. గుమ్మంలోనే గుర్తుపట్టాను. అవ్వ మంచం మీద కూర్చుని ఉంది, చెల్లెలు తెర ముందు. వెనక్కి తిరగకుండానే, "రా అన్నా" అంది.

బియ్యపు గింజంత మనుషులు ముగ్గురు కొండ అడుగున ముసలాయన ముందు నిలబడి ఉన్నారు. తెర కింద చిన్న పెట్టెలో నాలుగు వరుసలు. గొంతు లేదు, చాచిన చేతుల్లో వేళ్ళు లేవు, మాటలు మాత్రం అవే. బూడిద మీద పడినవాళ్ళను ఎవరూ లేపలేరు, దిగేదాకా కాళ్ళకున్నవి విప్పవద్దు. కొత్తవాళ్ళు ఒక్క ముక్క కూడా మార్చలేదు. చెల్లెలు మీట నొక్కి ముగ్గుర్నీ పైకి తీసుకెళ్ళింది, కొట్టాల్సినవాణ్ణి కొట్టింది, కిందికి దింపింది. నేను నిలబడే ఉన్నాను. ఊళ్ళో గడ్డమాయన దగ్గరికి వెళ్ళింది. జాబితాలో మూడు వరుసలూ నిండుగా ఉన్నాయి.

"ఆ పొద్దు పుస్తకంలో నేను రాసింది చెరిపింది నువ్వే గదా" అంది.

"నేనే."

"అది ఉన్నింటే మళ్ళీ మొదలుపెట్టుకోవచ్చునని తెలుసు గదా నీకు."

"తెలుసు."

"మరెందుకు?"

నేను చెప్పడం మొదలుపెట్టాను. పన్నెండేళ్ళ వయసు గురించి చెప్పాను. ఎనిమిది చేతుల గురించి, ఆరేడుసార్లు ఓడిపోవడం గురించి, ఒక ఆదివారమంతా పోవడం గురించి చెప్పాను. భాష తెలియకపోవడం గురించి చెప్పాను. పాత ఆటలు మనుషులను హెచ్చరించే పద్ధతి సరిగా ఉండేది కాదని, ఆ సంగతిలో కొత్తది ఎంతో నయమని కూడా చెప్పాను. ఇన్నేళ్ళుగా చెబుతున్నదానికి అది పూర్తిగా తలకిందులని చెబుతున్నప్పుడే తెలుస్తోంది, అయినా ఆపలేకపోయాను. అవ్వ చెవి ఇటు పెట్టి వింటోంది.

చెల్లెలు ఓపిగ్గా చివరిదాకా విని, కుర్చీ నా వైపు తిప్పింది.

"నీకు ఆట రాదన్నా. పాతదీ రాదు, కొత్తదీ రాదు."